బ్రేకు మీద కాలు

ఆ రోజుల్లో మా ఆఫీసువాళ్లు మేము సుఖంగా ఉండటానికి కావలసినవన్నీ కొనిచ్చారు, సుఖపడే తీరిక తప్ప. నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడ. కిందికి చూస్తే షేర్ ఆటోల వరుస, దాని వెనక అప్పటికింకా మిగిలి ఉన్న పెంకుటిళ్లు, వాటి ముందు నెమరేస్తూ గేదెలు. పైన మా అంతస్తులో మాత్రం కూర్చుంటే మనిషిని సగం మింగేసే బస్తాల్లాంటి కుర్చీలు, క్యారమ్ బల్ల, ఎవరూ వాయించని గిటారు. వీటన్నిటినీ దాటిపోతే ఒక మూల చిన్న గది, ఆ గదిలో రేసు కారు ఆట. ఫోనులో వేలితో ఆడుకునే రకం కాదు. అచ్చం కారులో ఉండే స్టీరింగు, కాళ్ల కింద పెడల్సు, ఒళ్లంతా బిగించి పట్టుకునే సీటు, ఎదురుగా గోడంత తెర. జీవితంలో మలుపు ఎక్కడ వస్తుందో ముందుగా తెలియదంటారు. నా మలుపు ఆ గదిలోనే వచ్చింది. వచ్చిన మలుపు దగ్గర తిరగడమే నాకు చేతకాలేదు. (చెప్పబోయే ముందు ఒక మనవి. ఈ కథలో ముఖ్యులు ఇద్దరు. ఆ రెండో మనిషి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది, నేను రాసిందల్లా నాకంటే శ్రద్ధగా చదువుతుంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా నేను తెలివైనవాడిలా కనిపిస్తే, అది ఆమె చూసీచూడనట్టు వదిలేసిన వాక్యమని గ్రహించగలరు.)

మాది టెస్టింగ్ టీమ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం, దొరికిన తప్పును మర్యాదగా చెప్పడం, దిద్దాక మళ్లీ చూడటం మా పని. ఎంత చిన్న మార్పు చేసినా ఇద్దరు చూసి సరే అనాలి, ఆ ఇద్దరిలో ఒకరు మా టీమ్ లీడై ఉండాలి. ఇది ఆఫీసు నియమమే గాని, మా లీడు దాన్ని మడీ ఆచారంలా పాటించేవాడు. అందుకే ఆయనకు అప్రూవల్ అన్న అని పేరు పెట్టుకున్నాం. క్యాంటీన్‌లో రోజూ తాగే చాయ్ మానేసి కాఫీ చెప్పాలన్నా ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసేవాళ్లం. అన్న సొంతూరు నానక్‌రామ్‌గూడే. మా మేడ నిలబడ్డ నేలలో వాళ్ల తాత జొన్న వేసేవాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా కాలితో కార్పెట్‌ను ఒకసారి నొక్కి చూసుకునేవాడు.

టీమ్‌లో ఇంకో ఆచారం ఉండేది. మా కస్టమర్లు ఉండే దేశంలో మన పండుగలు లేవు గనుక, పండుగపూట ఎవరో ఒకరు ఆఫీసులో కూర్చోవాలి. దూరపు ఊళ్లవాళ్లకు బస్సులు, రైళ్లు దొరకాలి కాబట్టి వాళ్లకు ముందు సెలవు. కూర్చోవడం దగ్గరివాళ్ల వంతు. "మీది లోకలే కదా" అన్న ఒక్క మాటతో ఆ పని జరిగిపోయేది. ఆ మాట అందరికంటే ఎక్కువ పడింది మదీనాగూడ అమ్మాయికి. రోజూ స్కూటీ మీద వచ్చేది, హెల్మెట్ తీయకముందే కంప్యూటర్ తెరిచేది. అంతకుముందు ఏడు, బతుకమ్మ పండుగలో ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆమె ఆఫీసులోనే కూర్చుంది. వాళ్లమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంటే, ఇంట్లోవాళ్లంతా కలిసి పేర్చిన బతుకమ్మను అరచేతిలో పట్టేంత తెరలో చూసింది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఎంత దూరమని, స్కూటీ మీద అటు వెళ్లి ఇటు రావచ్చు. కానీ డ్యూటీ అంటే డ్యూటీ. ఆ ఏడు కూడా డ్యూటీ పట్టికలో ఆ సాయంత్రం ఎదురుగా ఆమె పేరే పడింది. నేరుగా అన్న దగ్గరికి వెళ్లి అడిగింది.

"అన్నా, లోకలోళ్లకు పండుగ ఉండదా?"

అన్న కాలితో కార్పెట్‌ను ఒకసారి నొక్కి చూసుకున్నాడు. ఆయనా లోకలే. ఇదే ప్రశ్న ఇంట్లో వదిన ఏటా అడుగుతూనే ఉందని మాకందరికీ తెలుసు. ఆచారాన్ని మార్చే ధైర్యం లేదు, ఆ పిల్ల ముఖంలోకి చూసి కాదనే ధైర్యమూ లేదు. అలాంటప్పుడు పెద్దమనుషులు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు, ఒక పోటీ పెట్టాడు. రేసు ఆటలో జంటలకు పందెం. ఒక జంటకు ఒకే కారు. సగం పరుగు ఒకరు తోలి దిగితే, అదే సీట్లో రెండో మనిషి ఎక్కి మిగతా సగం తోలాలి. గెలిచిన జంటకు పండుగ డ్యూటీ మాఫీ. ఆ డ్యూటీ ఓడినవాళ్లలో చీటీ ఎవరికి వస్తే వాళ్లకు.

జంటలకు కూడా చీటీలే తీశారు. నాకు మదీనాగూడ అమ్మాయి వచ్చింది. నా సంగతి చెప్పాలంటే, మాది ప్రొద్దుటూరు. దసరా అంటే మా ఊళ్లో వీధులు నిండిపోతాయి. కానీ ఆ ఏడు అమ్మానాన్నలు సరిగ్గా ఆ రోజుల్లోనే కాశీ ప్రయాణం పెట్టుకున్నారు. అయినా అలవాటు కొద్దీ సెలవు అడిగాను, దూరపువాణ్ని గనుక అడగ్గానే ఇచ్చేశారు. కాబట్టి గెలిచినా ఓడినా నాకు ఒరిగేదేమీ లేదు. ఒరగాలని ఉన్నది మాత్రం ఆ అమ్మాయి దృష్టి, కొంచెం ఇటువైపు. టీమ్‌లో చేరినప్పటినుంచీ నేను ఆమెను మీరు అనేవాణ్ని, ఆమె మొదటిరోజు నుంచీ నన్ను నువ్వు అనేది. చీటీ చేతిలో పట్టుకునే వచ్చి, "నీకు కారు వస్తదా?" అని అడిగింది. నాకు కారు కాదుగదా సైకిలు కూడా ఎక్కేటప్పుడే బాగా వచ్చు, దిగేటప్పుడు కాదు. ఊళ్లో నడక, ఇక్కడ షేర్ ఆటోలో వెనక సీటు. అయినా గొంతు సవరించుకుని, "తోలడం పెద్ద సంగతి కాదండీ, సెటప్ ముఖ్యం. అది నేను చూసుకుంటాలెండి" అన్నాను. ఆమె నమ్మింది. అదే నన్ను భయపెట్టింది.

రూముకెళ్లి ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఆ ఆటలో కారును మన చేతికి తగ్గట్టు మార్చుకునే ఏర్పాటుంది. అందుకు ముందు రెండు రోగాల గురించి తెలుసుకోవాలి. స్టీరింగు తిప్పినా కారు తిరగకుండా ముందుకే పోతే అండర్‌స్టీర్, అంటే ముందు టైర్ల పట్టు జారిందన్నమాట. తిప్పినదానికంటే ఎక్కువ తిరిగి, తోక బయటికి విసిరితే ఓవర్‌స్టీర్, అంటే వెనక టైర్ల పట్టు జారింది. మొదటిది చెప్పిన మాట వినని కారు, రెండోది చెప్పని మాట కూడా వినే కారు. (సంసారంలో ఎవరు ఏది అని మా మిత్రులు అడుగుతుంటారు. ఆ వాక్యం రాశాను, మా ఇంటావిడ కొట్టేసింది.) మందు కూడా రెండు వైపులా ఉంది. మలుపులో బండి ఒరిగిపోకుండా పట్టే బార్లు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ముందుది మెత్తన చేస్తే ముందు టైర్లకు పట్టు పెరిగి బండి బాగా తిరుగుతుంది, వెనకది గట్టిచేస్తే తోక ఇంకా చురుగ్గా కదులుతుంది. చదువుకున్నంతసేపు అంతా ఎంత చక్కగా ఉందో.

మర్నాడు భోజనాల వేళ మొదటిసారి సీట్లో కూర్చున్నాను. తిన్నటి రోడ్డు మీద బాణంలా పోయాను. మలుపు వచ్చింది. స్టీరింగు తిప్పాను. కారు నా వైపు ఒకసారి చూసి, నీ దారి నీది నా దారి నాది అన్నట్టు నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంది. మళ్లీ తోలాను, మళ్లీ అదే గోడ. ఆమె కూర్చుని తోలింది. మలుపులన్నీ తిరిగి, చెమట పట్టకుండా దిగింది. "మంచిగనే ఉంది కదా" అంది. అప్పుడైనా ఆలోచించాల్సింది. కానీ నేను టెస్టర్ని. తప్పు దొరికిందంటే అది ఎదుటివాడిదే అయి ఉండాలి, మా వృత్తిధర్మం అది. "ముందువైపు పట్టు చాలడం లేదండీ" అని డాక్టరులా తేల్చి, ముందు బార్ మెత్తన చేయబోయాను.

అంతలో తలుపు దగ్గర అప్రూవల్ అన్న. "తమ్మీ, గిట్ల అడగకుండ మారిస్తే ఎట్లనే? ప్రాసెస్ అంటే ప్రాసెస్."

అలా మా కారు ఆఫీసు పద్ధతిలోకి వచ్చి పడింది. ప్రతి మార్పునూ ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు అన్న, రెండోవారు గోదావరిగారు. ఆయన మా టీమ్‌లో సీనియర్, అమలాపురం మనిషి, పోటీలో మాకు ఎదురు జంటలో ఒకరు కూడా. అయినా సలహా ఇవ్వకుండా ఉండలేని మంచితనం ఆయనది, ఇచ్చేది పగవాడికైనా సరే. ముందు బార్ మెత్తన చేయడానికి ఒప్పుకుంటూనే, "వెనకాల రెక్క ఒకటుంది చూశారా, అది కూడా కొంచెం తగ్గించండి, ఎందుకన్నా మంచిది" అన్నారు. ఆ రెక్క గాలికి వెనక టైర్లను నేలకు అదిమిపట్టేది. అన్న ఊరుకుంటాడా? చూసినందుకు ఏదో ఒకటి చెప్పకపోతే చూసినట్టెలా అవుతుంది? "టైర్ల గాలి గూడ జర పెంచు" అన్నాడు, అదీ ముందుకా వెనక్కా అన్నది చెప్పకుండా. నేను వెనక్కే పెంచాను, దాంతో ఆ టైర్ల పట్టు ఇంకా తగ్గింది. నా వంతుగా వెనక బార్ కూడా గట్టిచేశాను. ఒక్కొక్క మార్పు చేసి చూడాలన్నది మేము రోజూ పక్కవాళ్లకు చెప్పే మొదటి పాఠం. అన్నీ ఒకేసారి మార్చి కూర్చోబెడితే, కారు బొంగరమైంది. ఆమె మొదటి మలుపులో స్టీరింగు ఇంత తిప్పిందో లేదో, తోక ముందుకొచ్చి, ముందు వెనకైపోయి, మేమొచ్చిన దారే మాకు ఎదురుగా కనిపించింది.

"ఇప్పుడు ఎక్కువ తిరుగుతుంది" అంది ఆమె, ఓపిగ్గా. నేను తోక జారకుండా వెనకవైపు మెత్తన చేశాను. "ఇప్పుడు తిరుగుతలేదు" అంది. ముందువైపు దిద్దాను. మళ్లీ తిరిగింది, ఎక్కువగా. ఇలా రోజూ భోజనాల వేళ టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని తిరుగుతలేదు, తిరుగుతుంది, తిరుగుతలేదు. మధ్యలో వాళ్లమ్మ చేసిన పచ్చిపులుసు నాకు, మా మెస్సువాడి చప్పటి పప్పు ఆమెకు. ఈ మారకం విషయంలో మాత్రం ఎవరి అప్రూవలూ అడగలేదు. పోటీ దగ్గరపడేకొద్దీ ఆమె మాట తగ్గింది. ఒకరోజు తెర వైపు చూస్తూనే, వాళ్లమ్మ అప్పుడే తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో వాకబు చేస్తోందని, తాను వస్తానో రానో ఇంకా చెప్పలేదని అంది. నేను డబ్బాకు మూత పెట్టేశాను.

ఆరోజే ఆమె నా మొహం వదిలేసి నా కాళ్ల వైపు చూసింది. నేను మలుపు దాకా వెళ్లడం, భయంతో బ్రేకు తొక్కడం, తొక్కిన కాలు తీయకుండానే స్టీరింగు తిప్పడం, గోడ. అదంతా చూసి, సీటు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బండిని ఎందుకు తిడుతవ్? బ్రేకు మీదకెళ్లి కాలు తియ్యి, అప్పుడు తిప్పు. ముందు టైరు ఆగుడు గూడ అదే చెయ్యాలె, తిరుగుడు గూడ అదే చెయ్యాలె. రెండూ ఒక్కసారి అడిగితే అదేం చేస్తది పాపం."

నేను ఒప్పుకోలేదు. చదువుకున్నవాణ్ని గనుక వెంటనే ఒప్పుకోకూడదు. రెండు రోజులు గింజుకుని, మూడోరోజు ఎవరూ లేనప్పుడు కాలు తీసి తిప్పి చూశాను. కారు తిరిగింది. అంత సులువుగా తిరిగినందుకు దానిమీద నాకు కోపం వచ్చింది.

మార్పులన్నీ తీసేసి కారును మొదటికి తెచ్చాం. (దీనికి మాత్రం అన్న వెంటనే ఒప్పుకున్నాడు. వెనక్కి వెళ్లడమంటే ఆయనకు ప్రాణం.) అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఒకే కారు, ఇద్దరం. ఆమెకు తోక కొంచెం వదులుగా ఉంటేనే చేతికి హాయి. నాకు కారు ఎద్దుబండిలా నింపాదిగా ఉంటేనే ప్రాణానికి హాయి. ఆమె వెనక బార్ ఒక్క మెట్టు గట్టిచేయమంది. "నీకోసం ముందు ఏం చెయ్యకు. నువ్వు నెమ్మదిగ పోయి బండి నాకు సక్కగ తెచ్చియ్యి, చాలు" అంది. పెళ్లిచూపుల్లో ఎవరూ ఇంత స్పష్టంగా షరతులు చెప్పి ఉండరు. నేను తలూపాను.

పోటీ రోజు ఆ చిన్న గదిలో టీమంతా కిక్కిరిసి నిలబడింది. నేను ముందు కూర్చున్నాను. చెప్పినట్టే నెమ్మదిగా పోయాను. గోడలన్నిటికీ దూరంగా, ఒళ్లో గుడ్ల బుట్ట పెట్టుకున్నవాడిలా ప్రతి మలుపూ తిరిగాను. కాలు తియ్యి, తిప్పు. కాలు తియ్యి, తిప్పు. అంతకుముందే తోలి దిగిన గోదావరిగారి జంట కారును ఆ ఆట తెర మీద నీడలా చూపిస్తుంది, అది మాకంటే కొంచెం ముందుంది, అంతే. ఆమె వెనక నిలబడి, "గట్లనే, గట్లనే" అంటోంది. ఆ మాటకే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది, అదే కొంప ముంచింది. స్టీరింగు మీద ఒక మీట ఉంది. బ్రేకు బలాన్ని ముందుకో వెనక్కో జరిపే మీట. వెనక్కి జరిపితే మలుపులోకి కారు ఇంకా బాగా తిరుగుతుందని వీడియోలో చెప్పారు. ఇంత బాగా పోతున్నాను కదా, ఇంకొంచెం బాగుచేస్తే? టెస్టర్ వేలికి దురద పుడితే ఆగదు. నొక్కాను. బాగానే ఉన్నట్టనిపించింది. మళ్లీ నొక్కాను. ఇంకోసారీ నొక్కాను. అలా నొక్కుతూనే నా సగం పూర్తిచేసి, చెక్కుచెదరని కారును గర్వంగా అప్పగించి దిగాను.

ఆమె కూర్చుంది. మొదటి మలుపు దగ్గర తన లెక్క ప్రకారం బ్రేకు తొక్కింది. ఆ బ్రేకు అంతా వెనక టైర్లకే పోయింది. తోక గిర్రున తిరిగి కారు గడ్డిలో పడింది. ఆమె వెనక్కి తిరగకుండా, "ఏం నొక్కినవ్?" అంది. చెప్పాను. చెప్పగానే నా వెనక నుంచి అప్రూవల్ అన్న నిట్టూర్పు వినిపించింది. "నడిచే బండిల, అడగకుండ, మార్పా" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే దుఃఖం ఎక్కువ. ఆమె మీటను యథాస్థానానికి తెచ్చి, గడ్డిలోంచి కారును లాగి, మిగతా సగం ఎలా తోలిందో నేను వర్ణించలేను. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మేము రెండో స్థానంలో ఉన్నాం, గోదావరిగారి కారు తోకకు మా ముక్కు తగిలేంత దగ్గర. ఇంకొక్క మలుపు ఉంటే గెలిచేవాళ్లం. మలుపులు అయిపోయాయి.

గోదావరిగారు గెలిచినందుకు నొచ్చుకున్నారు. "ఆ మీట సంగతి నన్ను అడగాల్సిందండీ" అని కూడా అన్నారు. చీటీలు వేయక్కర్లేదు, డ్యూటీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లదేనని ఆమే చెప్పేసి బయటికి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. అద్దాల గోడ పక్కన నిలబడి కింద షేర్ ఆటోలను చూస్తోంది. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముందు బార్ ఇంకొంచెం మెత్తన చేసి ఉంటే అని ఏదో మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది. ఊరికే, మాట మార్చడానికన్నట్టు, నేను ఊరికి ఎప్పుడు బయల్దేరుతున్నానని అడిగింది.

"నేను పోవడం లేదండీ. మా వాళ్లు కాశీకి పోతాండారు. ఇల్లు తాళం."

"మరి సెలవు పెట్టినవ్ కదా?"

"ఊరికే పెట్టినా. రూములో పడుకుంటా."

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నాకు ఆ చూపు అర్థం కాలేదు. అప్పటికీ, ఆ క్షణానికి కూడా, అర్థం కాలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

"అయితే నా బదులు నువ్వు కూసుంటవా?"

"కూర్చుంటా" అన్నాను.

అంతే. అటు ఆమె, ఇటు నేను, మధ్యలో కాఫీ యంత్రం గుర్రుమంటోంది. దూరపు ఊరివాడు పండుగకు ఊళ్లో ఉంటాడన్న ఊహ ఆ ఆఫీసులో ఎవరికీ రాదు, ఆమెకూ రాలేదు. నాకు రానందుకు ఆ సాకు కూడా లేదు. ఒక్క మాటతో తేలేదానికి బార్లు, రెక్కలు, టైర్ల గాలి, బ్రేకు బలం అన్నీ తిప్పి చూశాం, అడగాల్సిన మాట వైపు మాత్రం తిరగలేదు. ఆమె ముందు నవ్వింది. తర్వాత నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి అన్న దగ్గరికి పోయి చెబితే, ఆయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "గిది ముందుగాల చెప్తే నేను పోటీ ఎందుకు పెడుదు?" అన్నాడు. అంటూనే రెండో అప్రూవల్ కోసం గోదావరిగారిని పిలిచాడు. ఆయన ఒప్పుకుని, ఎందుకన్నా మంచిది, దుప్పటి తెచ్చుకోండి, ఏసీ ఎక్కువగా ఉంటుంది అన్నారు.

సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆఫీసులో నేనొక్కణ్నే. కస్టమర్లెవరూ పిలవలేదు, ఏదీ పాడవలేదు. కింద నానక్‌రామ్‌గూడ ఊరి ఆడవాళ్లు పట్టుచీరల్లో పూల గోపురాలు నెత్తిన పెట్టుకుని అద్దాల మేడల మధ్య నుంచి నడిచిపోతుంటే, పైనుంచి చూశాను. అంత ఎత్తుకు పాట వినపడలేదు. మర్నాడు ఆమె హెల్మెట్ తీయకముందే నా బల్ల మీద స్టీలు డబ్బా పెట్టింది. బతుకమ్మకు పెట్టిన ప్రసాదం: నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు. "అమ్మ నీకే పంపింది. నీ పేరు అడిగింది, చెప్పిన" అంది. నేను మొదటిసారి మీరు అనడం మరిచిపోయి, "నువ్వు తిన్నావా?" అన్నాను.

ఇప్పుడు మేముండేది మదీనాగూడలోనే. నేనూ లోకలే. పండుగ డ్యూటీలు నాకే పడుతుంటాయి. కారు తోలడం నేర్చుకున్నాను. హైవే మీద యూ టర్ను దగ్గర ఇప్పటికీ నా కాలు బ్రేకు మీదే ఉంటుంది. పక్కసీటు నుంచి, ఫోనులోంచి తల ఎత్తకుండానే, "కాలు తియ్యి" అని వినిపిస్తుంది. తీస్తాను, తిరుగుతుంది. ఆ పాత ఆఫీసులో ఆ గది ఇప్పుడు లేదట, మీటింగులకు వాడుతున్నారట. మొన్న ఒక మాల్‌లో అలాంటి సీటే, అలాంటి తెరే కనిపిస్తే మా ఆవిడ చేతిలో సంచులు పెట్టి కూర్చున్నాను. మొదటి మలుపులోనే గోడ. దిగుతూ, నా ప్రమేయం లేకుండానే నా నోటివెంట వచ్చిన మాట: "సెటప్ బాలేదు." ఆమె సంచులు నా చేతిలో పెట్టేసి ముందుకు నడిచింది. వెనక నుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందన్నమాట.

అప్పుడప్పుడు ఆ కుర్రవాడు గుర్తుకొస్తాడు. ఒళ్లో చప్పటి పప్పు డబ్బా పెట్టుకుని, తెర ముందు వంగి, ముందు బార్ ఒక మెట్టు ఇటు, వెనక బార్ ఒక మెట్టు అటు తిప్పుకుంటూ, పక్కన పచ్చిపులుసు ఒంపుతున్న పిల్లవైపు చూడకుండా చూస్తున్నవాడు. వాడి భుజం తట్టి, ఒరే, ఇదంతా ఎందుకురా, ఆ సాయంత్రం నేను కూర్చుంటానని ఒక్క మాట చెప్పు, అయిపోతుంది అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. చెబితే నిజంగానే అయిపోతుంది. ఆ భోజనాల వేళలన్నీ ఏమైపోవాలి?